కడుపొచ్చిన మగపిల్లి

"అన్నా, ఇది చూడిదేమో చూడన్నా. కడుపెట్ల పెరిగిందో."

రూమ్‌లో మాతో ఉండే రాయచోటి తమ్ముడు పిల్లిని రెండు చేతులతో ఎత్తి నా ముఖం ముందు పెట్టాడు. వీపు మీద వెన్నుపూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. కడుపు మాత్రం నీళ్లు పోసిన బెలూన్‌లా రెండు పక్కలకూ జారుతోంది.

"మగది రా అది" అన్నాను.

వాడు తోక ఎత్తి చూశాడు. కాసేపు ఏమీ అనలేదు. "మరి ఈ కడుపేందన్నా?"

మంచి ప్రశ్నే. జవాబు వెతుక్కుంటూ పోతే అది కువైట్‌లో మేముండే ఫర్వానియా సందు దాటి, అమెరికాలో డేవిస్ అనే ఊరికీ, సైప్రస్ దీవికీ, ఆఖరికి మన హైదరాబాద్‌కూ వెళ్లింది.

కువైట్‌లో పిల్లిని గత్వా అంటారు. ఫర్వానియా, జలీబ్, మహబూలా, ఎక్కడికి పోయినా బలదియా (మున్సిపాలిటీ) వాళ్ల ఇనుప చెత్త డబ్బాల మీద గత్వాలు కాపురముంటాయి. బిరియానీ హోటళ్ల వెనక, మసీదు మెట్ల మీద, బకాలా (కిరాణా కొట్టు) ముందు పెట్టిన ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ కింద కూడా అవే. జనం వాటిని పెద్దగా తరమరు. ప్రవక్త సహచరుల్లో ఒకాయన్ని పిలిచే పేరే అబూ హురైరా, అంటే పిల్లికూన తండ్రి. అర్ధరాత్రి కారు ఆపి, డబ్బా పక్కన గిన్నెలో మేత పోసి వెళ్లే ఆడవాళ్లను చాలాసార్లు చూశాను. వీధి పిల్లుల గుంపులో అప్పుడప్పుడూ ఒక పర్షియన్ పిల్లి కనిపిస్తుంది. బొచ్చు జడలు కట్టి, కళ్లు పుసులు పట్టి ఉంటుంది. అకామా (నివాస అనుమతి) ముగిసి దేశం విడిచిపోయే కుటుంబమేదో గుమ్మం బయట వదిలేసి ఉంటుంది.

మాది అంత గొప్ప జాతి కాదు. బూడిదరంగు చారల వీధి పిల్లి. ఆగస్టు మధ్యాహ్నం కారు టైరు పక్క నీడలో నోరు తెరుచుకుని రొప్పుతుంటే తమ్ముడు టవల్‌లో చుట్టి తెచ్చాడు. ఇక్కడి ఎండ సంగతి తెలియనివాళ్లకు ఒక్క లెక్క చెబుతాను. 2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ తనిఖీ చేసి, ఆసియాలోకెల్లా ఎక్కువని తేల్చిన అంకె అది.

మూడు నెలలు బాగానే ఉంది. ఆరుగురం ఉండే రూమ్‌కి అది ఏడో మనిషి. తర్వాత తిండి తగ్గింది, జ్వరం వచ్చింది, కడుపు వచ్చింది.

జబ్బు గురించి చెప్పేముందు డబ్బు గురించి చెప్పాలి. ఈ దేశంలో ఇళ్లలో పనిచేసేవాళ్లకు 2016లో నిర్ణయించిన కనీస జీతం నెలకు 60 దినార్లు. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మన ఆడవాళ్లు ఎందరో ఆ జీతానికి కాస్త అటూ ఇటూగా బతుకుతున్నారు. పిల్లికి రక్తపరీక్ష, ఎక్స్‌రే, స్కానింగ్, రెండు రోజుల సెలైన్ అంటే ఆ నెల జీతం ఆవిరే. అందుకే రోడ్డు మీద పిల్లిని తెచ్చుకున్నవాడికి జబ్బు కంటే ముందు బిల్లు భయం పట్టుకుంటుంది. మాకూ పట్టుకుంది. అయితే ఈ బిల్లులో ఏ భాగం తప్పనిదో, ఏ భాగం తప్పించుకోదగ్గదో సైన్సే చెప్పగలదని నాకు ఆ తర్వాత తెలిసింది.

అయినా ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ పిల్లిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, కడుపు దగ్గర బొచ్చు గొరిగి, సన్నటి సూది దింపింది. సిరంజిలోకి వచ్చింది రక్తమూ కాదు, నీళ్లూ కాదు. నువ్వుల నూనె రంగులో ఉన్న చిక్కటి ద్రవం. ఒక చుక్కను గ్లౌజు వేసుకున్న రెండు వేళ్ల మధ్య పెట్టి వేళ్లు విడదీసింది. తీగపాకంలా సాగింది. మా అమ్మ అరిసెల పాకం చూసినట్టే చూసింది ఆవిడ కూడా.

ఆ తర్వాత ఒక గాజు గొట్టంలో ఎనిమిది మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి, అందులో ఒక్క చుక్క ఎసిటిక్ ఆమ్లం వేసి కలిపింది. మన వంటింటి వెనిగర్‌లో పులుపు ఆ ఆమ్లానిదే. పైనుంచి నెమ్మదిగా ఈ పసుపు ద్రవం ఒక చుక్క వదిలింది. మామూలు ద్రవమైతే నీళ్లలో కలిసిపోయి జాడ లేకుండా పోతుంది. ఇది పోలేదు. తెల్లటి పొగ ముద్దలా గడ్డకట్టి, కింద ఒక తోక వేలాడేసుకుని, మెల్లగా గొట్టం అడుగుకు దిగింది. ఇంతే పరీక్ష. దీని పేరు రివాల్టా. వంద ఏళ్లకు పైగా వెనక ఫాబియో రివాల్టా అనే ఇటలీ డాక్టరు మనుషుల కోసం కనిపెట్టాడు. ఇప్పుడు మనుషులకు దాదాపు వాడడం లేదు, పిల్లుల డాక్టర్లు మాత్రం వదల్లేదు. చుక్క కరిగిపోతే, అనుమానించిన జబ్బు చాలామటుకు కాదన్నట్టే. కరగకపోతే కావచ్చు. చీము పట్టినా, కొన్ని క్యాన్సర్లలోనూ చుక్క ఇలాగే నిలుస్తుంది కాబట్టి ఇంకో ఆధారం కావాలి.

ఆ రెండో ఆధారమూ మామూలు రక్తపరీక్షలోనే దొరుకుతుంది. రక్తంలో రెండు జాతుల ప్రొటీన్లుంటాయి, ఆల్బుమిన్, గ్లోబ్యులిన్. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.8 కంటే ఎక్కువ వచ్చిందంటే ఈ జబ్బు అయ్యే అవకాశం తక్కువ. 0.4 కంటే దిగిందంటే అనుమానం గట్టిపడుతుంది. మా పిల్లికి 0.3 వచ్చింది.

ఎఫ్‌ఐపీ అంది డాక్టరమ్మ. ఫెలైన్ ఇన్ఫెక్షియస్ పెరిటొనైటిస్. పిల్లి కరోనా వైరస్ వల్ల వచ్చేది.

కరోనా మాట వినగానే తమ్ముడు రెండడుగులు వెనక్కి వేశాడు. నవ్వు రాలేదు నాకు. 2021 ఎవరు మరిచిపోతారు? కానీ ఆ భయం అక్కర్లేదు. మనుషుల్ని పీడించిన వైరస్ బీటా కరోనా కుటుంబానిది, ఇది ఆల్ఫా కుటుంబానిది. మనిషికి అంటదు.

ఈ వైరస్ పిల్లుల పేగుల్లో ఉంటుంది, మలంతో బయటికొచ్చి ఇంకో పిల్లి నోట్లోకి పోతుంది. గుంపుగా బతికే పిల్లుల్లో ఇది తగలనిది తక్కువ. చాలావాటికి రెండు రోజులు విరేచనాలై పోతుంది, కొన్నింటికి అదీ ఉండదు. అసలు చిక్కు వైరస్ తనను తాను నకలు తీసుకునేటప్పుడు చేసే అచ్చుతప్పుల దగ్గర ఉంది. నూటికి పదిలోపు పిల్లుల్లో ఆ తప్పు ఒకటి వైరస్‌కు కలిసొస్తుంది. అంతవరకూ పేగు కణాల్లోకి మాత్రమే దూరగలిగిన వైరస్ ఇక మాక్రోఫేజ్‌లలోకి దూరగలుగుతుంది. మాక్రోఫేజ్ అంటే ఒంట్లో గస్తీ తిరుగుతూ, పట్టుబడ్డ క్రిమిని మింగేసే తెల్లకణం. అంటే దొంగ పోలీసు జీపెక్కి ఊరంతా తిరుగుతున్నాడన్నమాట. ఆ జీపులు చిన్న రక్తనాళాల గోడల దగ్గర ఆగి కలకలం రేపుతాయి. గోడలు వాచి కారడం మొదలవుతుంది. ప్రొటీన్ నిండిన రక్తపు నీరు కడుపులోకో, ఊపిరితిత్తుల చుట్టూనో చేరుతుంది. మగపిల్లికి కడుపు వచ్చింది అలా. కొన్నింటిలో నీరు చేరదు, దాన్ని పొడి రకం అంటారు. కళ్లు మసకబారతాయి, నడక తూలుతుంది, మూత్రపిండాల్లో గడ్డలు కడతాయి. పట్టుకోవడం కష్టమైన రకం అది.

రెండేళ్లలోపు పిల్లులకే ఎక్కువగా వస్తుంది. ఒత్తిడి పడ్డప్పుడు వస్తుంది. ఇల్లు మారడం, ఆపరేషన్, కొత్త మనుషులు, తోటి పిల్లుల తోపులాట, అన్నీ ఒత్తిళ్లే. వీధిలోంచి తెచ్చి, స్నానం పోసి, టీకా వేయించి, ఆపరేషన్ చేయించి మనం మేలు చేశామనుకునే నెలలే దానికి గండం కావచ్చు. తేవడం తప్పని నేననను. ఇవన్నీ ఒకే వారంలో కాకుండా విడివిడిగా చేయిస్తే మంచిదని మాత్రం అంటాను.

ఇక్కడే డబ్బు పోయే తూము ఒకటుంది. రక్తంలో కరోనా యాంటీబాడీలు చూసే పరీక్షను కొన్నిచోట్ల ఎఫ్‌ఐపీ పరీక్ష అని పిలుస్తారు. అది చెప్పేది ఒక్కటే, ఈ పిల్లి ఎప్పుడో ఒకప్పుడు ఆ వైరస్‌ను కలిసిందని. చెత్త డబ్బా దగ్గర పెరిగిన పిల్లి కలవకుండా ఎలా ఉంటుంది? లోపల అచ్చుతప్పు జరిగిందా లేదా అన్నది యాంటీబాడీ చెప్పలేదు. దానికి కట్టే డబ్బుతో గాజు గొట్టం పరీక్ష ఎన్నిసార్లయినా చేయొచ్చు.

బోస్టన్‌లోని ఏంజెల్ మెమోరియల్ పశువుల ఆసుపత్రిలో జీన్ హోల్జ్‌వర్త్ అనే డాక్టరు 1963లో ఈ జబ్బును మొదటిసారి వర్ణించింది. మూడేళ్ల తర్వాత ఇప్పటి పేరు పెట్టారు. అప్పటి నుంచి యాభై ఏళ్లకు పైగా ఎఫ్‌ఐపీ అన్న మాట మరణశిక్షే. నీరు చేరిన పిల్లి రోజుల్లోనో వారాల్లోనో పోయేది. యాంటీబయాటిక్ పనిచేయదు, స్టెరాయిడ్ నాలుగు రోజులు వాయిదా వేస్తుంది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో నీల్స్ పెడర్సన్ అనే పశువైద్య శాస్త్రవేత్త తన జీవితంలో ఎక్కువ భాగం ఈ జబ్బు వెంటే పడ్డాడు. మధ్యలో, 1980లలో పిల్లుల ఎయిడ్స్ వైరస్‌ను కనిపెట్టిన ఇద్దరిలో ఒకడూ ఆయనే. ఆయన బృందం గిలియడ్ అనే మందుల కంపెనీ దగ్గరున్న ఒక అణువును తెచ్చి పరీక్షించింది. దానికి పేరు కూడా లేదు, నంబరే, జీఎస్-441524. 2018లో ప్రయోగశాలలో జబ్బు తెప్పించిన పది పిల్లులకు ఇస్తే పదీ లేచాయి. ఆ తర్వాత సహజంగా జబ్బు పడ్డ 31 పెంపుడు పిల్లులకు రోజుకో ఇంజెక్షన్ చొప్పున కనీసం పన్నెండు వారాలు ఇచ్చారు. మరీ ముదిరి వచ్చిన ఐదు మొదట్లోనే పోయాయి. మిగతా 26లో ఎనిమిదింటికి తిరగబెట్టింది, వాటికి మళ్లీ మందు మొదలుపెట్టారు. ఆఖరికి 25 బతికి బట్టకట్టాయి. 2019 ఫిబ్రవరిలో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

ఆ అణువు చేసే పని గోడ కట్టే మేస్త్రీకి నకిలీ ఇటుక అందించడం. వైరస్ తన ఆర్‌ఎన్‌ఏను నాలుగు రకాల అక్షరాలు పేర్చి నకలు తీస్తుంది. జీఎస్ అందులో ఒక అక్షరానికి, అడెనోసిన్‌కి, అచ్చం కవలలా ఉంటుంది, పక్కన ఒక చిన్న కొమ్ము మొలిచిన కవల. వైరస్ యంత్రం తేడా పట్టుకోలేక దాన్ని వరసలో పేరుస్తుంది. మరో మూడు అక్షరాలు పేర్చేసరికి ఆ కొమ్ము యంత్రంలో తగులుకుని పని ఆగిపోతుంది. సగం గోడతో వైరస్ పుట్టదు.

ఇక ఈ అణువు బంధువును మనమంతా ఎరుగుదుం. ఇదే ఇటుకకు, కణంలోకి సులువుగా దూరడానికి ఒక తొడుగు తొడిగితే దాని పేరు రెమ్‌డెసివిర్. ఒంట్లోకి వెళ్లిన రెమ్‌డెసివిర్ విడిపోయి రక్తంలో ఎక్కువగా తిరిగేది ఈ జీఎస్ రూపంలోనే. 2020 జూన్‌లో హైదరాబాద్ కంపెనీ హెటెరో దాన్ని కోవిఫర్ పేరుతో, 100 మిల్లీగ్రాముల సీసా 5,400 రూపాయలకు విడుదల చేసింది. రెండో అల వచ్చిన ఏప్రిల్, మే నెలల్లో ఆ సీసా కోసం ఆసుపత్రుల ముందు, మందుల షాపుల ముందు నిలబడ్డవాళ్లలో మా బంధువులూ ఉన్నారు. నేను ఇక్కడ డ్యూటీలో ఉండి ఫోన్లు తిప్పుతూనే ఉన్నాను. బ్లాకులో సీసా రేటు ఎంతకు పోయిందో చాలా ఇళ్లలో ఇంకా అప్పు రూపంలో గుర్తుంది. అప్పటికే, 2020 నవంబర్‌లో, ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగులకు దాన్ని వాడమని సిఫారసు చేయలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మనుషుల్లో అంతంతమాత్రంగా మిగిలిన ఆ అణువు పిల్లుల కరోనాలో మాత్రం చచ్చినదాన్ని లేపినంత పని చేస్తోంది. ఎందుకింత తేడా అంటే, మనిషికి ఆసుపత్రిలో చేరేనాటికి వైరస్ పని చాలావరకు ముగిసి, ఒంటి స్పందనే శత్రువవుతుంది. ఎఫ్‌ఐపీలో వైరస్ చివరిదాకా మాక్రోఫేజ్‌లలో పెరుగుతూనే ఉంటుంది. ఇటుకలు పేర్చేది ఆపితే మిగతా కల్లోలం దానంతట అదే అణుగుతుంది.

ఇంత మంచి మందు 2019లోనే తేలితే, పిల్లుల చేతికి ఎప్పుడొచ్చింది? గిలియడ్ దాన్ని పశువుల మందుగా విడుదల చేయలేదు, వేరేవాళ్లకు లైసెన్సూ ఇవ్వలేదు. అచ్చయిన పరిశోధన పత్రంలో అణువు నిర్మాణం ఉంది. చైనాలో తయారీదారులు దాన్ని చూసి వండేశారు. లేబుల్ మీద మందు పేరు సరిగా లేని సీసాలు, ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి చేరాయి. మొదట్లో ఒక పిల్లి వైద్యానికి వేల డాలర్లు అయ్యేది. 2021లో బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో చట్టబద్ధంగా దొరికింది. అమెరికాలో 2024 జూన్ దాకా ఆగాల్సి వచ్చింది. ఈ బ్లాకు సీసాల్లో ఏముందో తర్వాత పరీక్షించి చూస్తే, చాలావాటిలో రాసినదాని కంటే ఎక్కువే మందు ఉందట. దొంగ వ్యాపారంలో తూకం మొగ్గు చూపిన అరుదైన సందర్భం. మన కల్తీ నెయ్యి వాళ్లు నేర్చుకోవాలి.

అయినా అది కొనదగ్గ దారి అని చెప్పను. ఎక్కువ మందు కూడా లెక్క తప్పిన మందే. పైగా ఆ ఇంజెక్షన్ నిమ్మరసం కంటే పుల్లని ద్రవం, పీహెచ్ ఒకటిన్నర దగ్గర ఉంటుంది. చర్మం కింద రోజూ పొడిస్తే పిల్లి ఏడుస్తుంది, పుండ్లు పడతాయి, పొడిచేవాడి చేతులూ బాగుపడవు. ఇప్పుడు నోటి మాత్రలు వచ్చాక ఆ బాధ తప్పింది.

ఇంకా తక్కువ ఖర్చయ్యే దారి ఒకటి సైప్రస్‌లో కనిపించింది. 2023లో ఆ దీవిలో పిల్లులు ఎఫ్‌ఐపీతో గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. పిల్లి కరోనా ఒక కుక్క కరోనాతో ముక్కలు మార్పిడి చేసుకుని, పిల్లి నుంచి పిల్లికి నేరుగా పాకే కొత్త రకంగా మారిందని ఎడిన్‌బరో పరిశోధకులు తేల్చారు. ఆ ఆగస్టులో సైప్రస్ ప్రభుత్వం ఒక తెలివైన పని చేసింది. మనుషుల కోవిడ్ కోసం కొని మిగిలిపోయిన మోల్నుపిరావిర్ క్యాప్సూళ్లను పిల్లులకు వాడుకోవడానికి అనుమతించింది. ఇదీ నకిలీ ఇటుకే, కాకపోతే గోడ ఆపదు, గోడ నిండా అచ్చుతప్పులు చేయించి వైరస్‌ను పనికిరాకుండా చేస్తుంది. ఇక్కడా హైదరాబాద్ తగులుతుంది. 2022 జనవరిలో డాక్టర్ రెడ్డీస్ ఈ మందును క్యాప్సూల్ 35 రూపాయలకు తెచ్చింది. మనిషి క్యాప్సూల్‌లో చిన్న భాగం పిల్లికి సరిపోతుంది. ఆ భాగం ఎంతన్నది డాక్టరే తేల్చాలి. మోతాదు మించితే తెల్లకణాలు పడిపోతాయి, అందుకే చాలామంది డాక్టర్లు జీఎస్‌నే ముందు పెట్టి, అది అందనప్పుడో పనిచేయనప్పుడో దీనివైపు చూస్తారు.

ఇంకొకటి, 84 రోజుల లెక్క. పెడర్సన్ బృందం జాగ్రత్త కోసం పెట్టుకున్న గడువు అది. అదే శాసనంలా అందరూ పాటించారు. మ్యూనిక్ పరిశోధకులు కడుపులో గానీ ఛాతీలో గానీ నీరు చేరిన 40 పిల్లులను రెండు జట్లు చేసి, ఒకదానికి 84 రోజులు, ఇంకోదానికి 42 రోజులు నోటి మందు ఇచ్చి 2024లో ఫలితాలు ప్రకటించారు. సగం గడువు కూడా అంతే బాగా పనిచేసింది. పొడి రకానికీ, మెదడుకు పాకినదానికీ ఈ మాట వర్తించదు. కానీ మా పిల్లి లాంటివాటికి మందు ఖర్చు ఒక్క దెబ్బతో సగమైంది. కంపెనీ దయ వల్ల తగ్గలేదు, ఎవరో కూర్చుని లెక్కపెట్టడం వల్ల తగ్గింది.

"ఎంతయితాదన్నా?" అన్నాడు తమ్ముడు బయటికొచ్చాక.

చెప్పాను. వాడు గోడకు ఆనుకున్నాడు. రూమ్‌లో ఆ రాత్రి పంచాయితీ జరిగింది. ఇంటికి డబ్బు పంపాల్సిన వారం. రాజంపేట అన్న ఒకాయన సూటిగా అడిగాడు, "పుట్టిన ఊళ్లో మనిషికే మందు లేదు, ఈడ పిల్లికి దినార్లు పోస్తారా?" ఆయన అన్నది తప్పనలేను. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు కూడా. నేను చెప్పగలిగింది డాక్టరమ్మ చెప్పిన ఒకే ముక్క: మందు సరైనదీ, జబ్బు అదే అయితే, జ్వరం ఒకటి నుంచి మూడు రోజుల్లో దిగాలి. దిగకపోతే మోతాదైనా తప్పు, జబ్బు పేరైనా తప్పు. కాబట్టి ఆరు వారాల డబ్బు ఈ రాత్రే తేల్చక్కర్లేదు. మూడు రోజుల డబ్బు చాలు.

ఆ మాటతో గది సర్దుకుంది. ఖరీదైన వైద్యం చేయించాల్సి వస్తే ఎవరైనా మొదట అడగాల్సిన ప్రశ్న ఇదేనని నాకనిపిస్తుంది. మొత్తం ఎంత అని కాదు, మొదటి మెట్టు ఎంత, అది ఎక్కాక ఏం చూసి రెండో మెట్టు ఎక్కాలి అని. మంచి డాక్టరు ఈ ప్రశ్నకు నొచ్చుకోదు. మూడు రోజుల్లో జ్వరం దిగలేదనుకోండి, పిల్లి మూత్రపిండాలు పోయాయనో, మెదడుకు పాకిందనో తేలిందనుకోండి, అక్కడితో ఆపి, నొప్పి లేకుండా పంపించమనడం కూడా వైద్యమే. అప్పు చేసి వారం పొడిగించడం ప్రేమకు కొలమానం కాదు. దీని గురించి నా దగ్గర రెండో అభిప్రాయం లేదు.

ఆరుగురిలో ఐదుగురు నెలకు ఐదేసి దినార్లు వేసుకున్నారు, మిగతాది నేను చూసుకున్నాను. రాజంపేట అన్న వేయలేదు. రాత్రిపూట మాత్ర మింగించేది మాత్రం ఆయనే. ఇంకెవరు పట్టినా ఉమ్మేసేది.

అంతకుముందే మా రూమ్‌లో ఒక ఘోరం తప్పిపోయింది. జ్వరం వచ్చిన మొదటి రోజు ఒకతను పనడాల్ సగం విరిచి పాలలో కలపబోయాడు. గల్ఫ్‌లో పనడాల్ అంటే మనకు సర్వరోగ నివారిణి కదా. అందులో ఉండే పారాసెటమాల్‌ను మనిషి కాలేయం ఒక చక్కెర తోక తగిలించి బయటికి పంపేస్తుంది. ఆ తోక తగిలించే ఎంజైమ్ తాలూకు జన్యువు పిల్లి జాతిలో ఎప్పుడో చెడిపోయింది. మాంసం తప్ప ఆకులు తినని జంతువుకు మొక్కల విషాలు విరిచే పనిముట్టు అక్కర్లేకపోయింది. దాంతో ఆ మందు ఒంట్లోనే విషమై, రక్తంలో హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మోయలేని గోధుమరంగు పదార్థంగా మారుతుంది. చిగుళ్లు మట్టిరంగుకు తిరుగుతాయి, మూతి వాస్తుంది. 500 మిల్లీగ్రాముల ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. కొన్ని ఫిల్స్ చిల్లర చేసే మాత్ర, వందల దినార్ల ఐసీయూ.

ఎఫ్‌ఐపీ కంటే తరచుగా కువైట్ మగపిల్లులకు బిల్లు తెచ్చేది ఇంకోటుంది, మూత్రం బిగుసుకోవడం. మన ఇళ్లలో పిల్లులన్నీ ఈ పశ్చిమాసియా ఎడారి అంచుల అడవిపిల్లి సంతానమే. నీళ్లు లేనిచోట పుట్టిన జాతి కాబట్టి వేటాడిన జంతువు ఒంట్లో తడితోనే గడిపి, మూత్రాన్ని బాగా చిక్కబరిచి వదలడం దాని ఒంటికి అలవాటు. ఇప్పుడు దానికి మనం పెట్టేది ఎండు గుళికలు. నీళ్లు తాగాలని దానికి తోచదు. చిక్కటి మూత్రంలో ఇసుకలాంటి స్ఫటికాలు పేరుకుని, మగపిల్లి సన్నటి మూత్రనాళంలో అడ్డం పడతాయి. ఇసుక డబ్బాలోకి పదేపదే వెళ్లి, కూర్చుని, అరిచి, చుక్క రాకుండా తిరిగొస్తుంటే మలబద్ధకం అనుకుని ఆముదం పట్టకండి. ఒకటి రెండు రోజుల్లో రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగుతుంది. అది రాత్రికి రాత్రే ఆసుపత్రికి పోవాల్సిన జబ్బు. తడి మేత పెట్టడం, ఎండు గుళికల్లో నీళ్లు పోయడం, గిన్నెలు రెండు మూడు చోట్ల ఉంచడం, ఇవి దాదాపు ఖర్చులేని జాగ్రత్తలు.

మా పిల్లికి మూడో రోజు పొద్దున జ్వరం 104 నుంచి 101.8కి దిగింది. పిల్లులకు 101, 102 మామూలు వేడే. అది లేచి వెళ్లి రాజంపేట అన్న టిఫిన్ డబ్బాలో చేప వాసన చూసింది.

మందు బరువును బట్టి ఉంటుంది, నీరు చేరిన రకానికి నోటి జీఎస్ అయితే కిలోకు రోజుకు 15 మిల్లీగ్రాముల చుట్టూ. అందుకే వారం వారం తూచాలి. పిల్లి పెరుగుతుంటే మోతాదు పెంచకపోతే వైరస్‌కు ఊపిరి దొరికి జబ్బు తిరగబెడుతుంది. గల్ఫ్ రూమ్‌లో ఇంకేమున్నా లేకపోయినా ఊరికి పోయే పెట్టెలు తూచే కొక్కెం తూనిక ఉంటుంది. పిల్లిని బకాలా సంచిలో దించి, కొక్కేనికి తగిలించి శుక్రవారం శుక్రవారం తూచేవాళ్లం. మొదటి వారం 2.6 కిలోలు. రెండో వారం 2.3. తమ్ముడి ముఖం మాడింది. పోయింది కడుపులో నీరు, కండ కాదని డాక్టరమ్మ ఫోన్‌లో చెప్పేదాకా ఎవరికీ తోచలేదు. మూడో వారం 2.5, నాలుగో వారం 2.8, ఐదో వారం 3.1.

ఆరో శుక్రవారం తమ్ముడు ఊరికి పోయే హడావిడిలో ఉన్నాడు. 30 కిలోల పెట్టె. పాలపొడి డబ్బాలు, టాంగ్, వాళ్లమ్మకు కంబళి, అన్నీ పేర్చి, పట్టీ బిగించి, ఇక జిప్పు వేయడమే తరువాయి అన్నట్టు కొక్కేనికి ఎత్తి చూశాడు. 33.3 చూపించింది. పొద్దున తూచినప్పుడు సరిగ్గా ముప్పై ఉంది. తిట్టుకుంటూ దించి, ఒక టాంగ్ డబ్బా తీసి మళ్లీ ఎత్తబోతే కంబళి మడతలోంచి తోక కనిపించింది.

"అన్నా, ఈ వారం తూకం అయిపోయింది" అన్నాడు. 3.3. నేను మాత్ర ముక్క ఎంత పెంచాలో లెక్క వేయడానికి ఫోన్ తీశాను, వాడు టాంగ్ డబ్బా మళ్లీ పెట్టెలో పెట్టుకున్నాడు.